నేలపై కన్ను – నింగిలో కన్ను



తమిళనాడులోని కావలూరులో 1986లో ప్రారంభమైన వైను బప్పు దూరదర్శిని దర్పణం వ్యాసం 2.34 మీటర్లు. 1990లో అంతరిక్షానికి చేరిన హబుల్ దర్పణం వ్యాసం 2.4 మీటర్లు. పరిమాణంలో రెండూ ఇంచుమించు సమానమే. చూపులో మాత్రం హబులే మిన్న. నక్షత్రాలను మినుకుమనిపించే గాలితెర దానికి అడ్డు లేదు. వాతావరణం అడ్డగించే అతినీలలోహిత కిరణాలు సైతం దానికి గోచరిస్తాయి.

అయితే ఆ దర్పణదోషం తెచ్చిన మసకను సవరించడానికి 1993లో వ్యోమగాములే నింగికి ఎగయవలసి వచ్చింది. నేలపైని దూరదర్శినికి నిపుణుల చేయి నిత్యం అందుతుంది.

కావలూరు దర్పణానికి సానపట్టింది బెంగుళూరులోనే. ఆ కృషికి మూలపురుషుడు, హైదరాబాదులో పెరిగిన బప్పు, 1982లో కన్నుమూశారు. దాని తొలిచూపుకు నోచుకోలేదు. సహచరులు దానిని పూర్తిచేశారు.

స్పష్టంగా చూసేది నింగిలోని కన్ను. కన్నును రూపొందించడం నేర్పేది నేలపైని కన్ను.