జేబులోని ఇంటికి గడప ఉందా?
(సనత్‌నగర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సన్‌అత్ అంటే ఉర్దూలో పరిశ్రమ. ఆ మాటను పేరులోనే నిలుపుకొన్న ఈ పేటలో నేడు కార్మికుడి హాజరు, జీతం వివరాలు, భవిష్యనిధి ఖాతా, ఈఎస్ఐ చీటీ అన్నీ ఫోనులోనే ఉన్నాయి. అమీర్‌పేటలో కోచింగుకు వచ్చే విద్యార్థి పాఠాలూ, ఇంట్లో ఆడపిల్లల ఫోటోలూ, వైద్యుడికి పంపిన రిపోర్టులూ, నమాజు వేళలూ అందులోనే. కనుక ఫోనును ఒక యంత్రంగా మాత్రమే చూడటం ఇక సాధ్యం కాదు. అది మన ఇల్లు. ఆ ఇంట్లోకి ఎవరు, ఏ అనుమతితో రావచ్చన్నది ఈ రోజు మేము మీ ముందుంచదలచిన ప్రశ్న.

2025 నవంబరు 28న కేంద్ర టెలికాం విభాగం ఫోను తయారీదారులకు ఒక ఆదేశం ఇచ్చింది. దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోనులో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్‌ను ముందే అమర్చాలనీ, దాని పనులను నిలిపివేసే వీలు ఉండరాదనీ, అప్పటికే తయారై దుకాణాలకు చేరిన ఫోన్లలోకి సాఫ్ట్‌వేర్ అప్‌డేటు ద్వారా పంపాలనీ అందులో ఉంది. గడువు 90 రోజులు. దేశమంతటా నిరసన వచ్చింది. వద్దనుకున్నవారు దానిని తొలగించుకోవచ్చని కేంద్రమంత్రి వివరణ ఇచ్చారు. డిసెంబరు 3న ప్రభుత్వం ఆ తప్పనిసరి నిబంధనను ఉపసంహరించుకుంది.

ఇక్కడ న్యాయంగా మాట్లాడటం మన ధర్మం. సంచార్ సాథీ మనం చదివేదానిని వడపోసే యాప్ కాదు. పోయిన ఫోనును అడ్డుకోవడానికీ, మన పేరిట ఎవరైనా సిమ్‌కార్డులు తీసుకున్నారేమో చూసుకోవడానికీ అది పనికివస్తుంది. కావలసినవారు వాడుకోవచ్చు. మా అభ్యంతరం యాప్ మీద కాదు, బలవంతం మీద. నా సొంత డబ్బుతో కొన్న వస్తువులో నేను తీసివేయలేని తలుపును ప్రభుత్వం అమర్చవచ్చన్న సూత్రాన్ని ఒకసారి ఒప్పుకుంటే, రేపు ఆ తలుపు గుండా ఏది లోపలికి వస్తుందో అడిగే అధికారం మనకు మిగలదు. ఈ రోజు దొంగ ఫోన్ల జాబితా వస్తుంది. రేపు నిషిద్ధ పదాల జాబితా రావచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. చైనా ప్రభుత్వం 2009లో అశ్లీలతను అరికట్టే పేరుతో గ్రీన్ డ్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రతి కొత్త కంప్యూటరులో ఉంచాలని ఆదేశించింది. దాని జాబితాలో రాజకీయ పదాలు కూడా ఉన్నట్లు పరిశోధకులు బయటపెట్టారు. అమలుకు ఒక రోజు ముందు ఆ ఆదేశం వాయిదా పడింది. అదే దేశంలో 2017లో షిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్‌చీలోని ప్రజలను జింగ్‌వాంగ్ వీషీ అనే యాప్‌ను ఫోన్లలో వేసుకోమన్నారు. అది ఫోనులోని ఫైళ్లను ఒక జాబితాతో పోల్చి చూస్తుంది. ‘ప్రమాదకరమైనది’ కనబడితే తీసివేయమంటుంది. అక్కడి వీగర్ ముస్లిములకు ఆ వడపోత ఎంత భారమైందో ప్రపంచానికి తెలుసు.

వడపోత యంత్రానికి భాష తెలియదు, సందర్భం తెలియదు. ఒక ఉదాహరణ చెబుతాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా సంస్థ తాను ప్రమాదకరులుగా ప్రకటించినవారిని ఉద్దేశించి ‘షహీద్’ అన్న ప్రతిసారీ దానిని పొగడ్తగా భావించి తొలగించేది. ఆ సంస్థ వేదికలపై మరే ఇతర ఒక్క పదం వల్లా ఇన్ని రాతలు తొలగిపోలేదని దాని పర్యవేక్షక మండలి 2024 మార్చిలో తేల్చి, ఆ గుడ్డి నియమాన్ని విడిచిపెట్టమని సూచించింది. మన దేశంలో భగత్‌సింగ్‌ను ఏమని పిలుస్తాం? షహీద్ అనే కదా! మన ఇళ్లలో నిత్యం పలికే మాట యంత్రానికి నేరంగా తోచినప్పుడు దాని దెబ్బ ముందుగా ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మన నగరం సంగతి చూద్దాం. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు దారిన పోయేవారిని ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్ సంభాషణల్లో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న వీడియోలు వెలువడ్డాయి. అదే ఏడాది మే నెలలో పోలీసులు దారిలో ఆపి తన ముఖం ఫోటో తీసుకున్న ఘటనపై సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ముఖ గుర్తింపు సాంకేతికతను ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. 2024 మార్చిలో మన పొరుగునే ఉన్న పంజాగుట్ట పోలీసుస్టేషన్‌లో, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఆధారాలు ధ్వంసమయ్యాయని కేసు నమోదై, అది ఫోన్ ట్యాపింగ్ కేసుగా దేశం దృష్టికి వచ్చింది. అందులో నిజానిజాలు న్యాయస్థానం తేలుస్తుంది. కానీ ఒక పాఠం ఇప్పుడే గ్రహించవచ్చు: ఈ ఆరోపణలు నాయకుల ఫోన్ల దాకా వెళ్లాయి. నిఘా ‘వాళ్ల మీద మాత్రమే’ అనుకుని ఎవరూ నిశ్చింతగా ఉండలేరు.

చట్టం మన పక్షాన ఏమంటుంది? 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు పంపిన ఏ వ్యక్తి అయినా పత్రాలను తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే వీలు కల్పించింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ వివాదంలో 2004లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదంది. గోప్యత మనిషికి చెందినది, స్థలానికి కాదు. నీ పత్రం బ్యాంకులో ఉన్నంత మాత్రాన నీ హక్కు పోదు అన్నది ఆ తీర్పు సారం. మరి మన జేబులోనే ఉన్న ఫోను సంగతి అంతకన్న భిన్నమా? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. దానిలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, జోక్యం అవసరానికి మించకూడదు.

సమాచార సాంకేతిక చట్టంలోని 69ఎ సెక్షన్ కింద దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలపై వెబ్‌సైట్లనూ ఖాతాలనూ నిలిపివేసే అధికారం కేంద్రానికి ఉంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో 66ఎ సెక్షన్‌ను కొట్టివేసిన సుప్రీంకోర్టు 69ఎను నిలబెట్టింది. అయితే కారణాలు లిఖితపూర్వకంగా నమోదు కావడం, వాటిని కోర్టులో సవాలు చేయగలగడం వంటి రక్షణలున్నందువల్లనే నిలబెట్టింది. కానీ 2009 నియమాలు ఆ ఆదేశాలను గోప్యంగా ఉంచమంటాయి. కారణమే చూపనప్పుడు సవాలు చేసేదెలా?

‘తప్పు చేయనివాడికి భయమెందుకు’ అని కొందరు అడుగుతారు. మనం స్నానాల గది తలుపు వేసుకునేది తప్పు చేయడానికి కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నూర్ సూరా ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దని బోధిస్తుంది. అల్ హుజురాత్ సూరా ఒకరి గుట్టు ఒకరు ఆరా తీయడాన్ని నిషేధిస్తుంది. ఇతరుల గోప్యతను గౌరవించడం మనకు విధి అయినప్పుడు, మన గోప్యతను కోరుకోవడం నేరమెలా అవుతుంది?

పిల్లలను చెడు నుంచి కాపాడవద్దని మేము అనడం లేదు. తల్లిదండ్రులు పిల్లవాడి ఫోనులో వడపోత పెట్టుకుంటే అది పెంపకం. దాన్ని పెట్టేదీ తీసేదీ ఆ ఇంటివాళ్లే. ప్రభుత్వం కోట్లాది పెద్దవారి ఫోన్లలో అదే పని చేస్తే అది పెంపకం కాదు, కాపలా.

ఇక ఆచరణకు వద్దాం. ఫోను అడిగిన అధికారితో మర్యాదగానే మాట్లాడండి. ఏ కేసులో, ఏ ఆదేశంతో అడుగుతున్నారో తెలుసుకోండి. స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడగండి. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షన్ సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలంటోంది. ఆ మాట గుర్తు చేయండి. న్యాయవాది నంబరు కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి. యాప్‌లకు ఇచ్చిన అనుమతులను ఇంటిల్లిపాదీ కూర్చుని సరిచూసుకోండి. 2020లో ముస్లిం ప్రో అనే నమాజు వేళల యాప్ నుంచి వెళ్లిన స్థల సమాచారం దళారుల గుండా అమెరికా సైన్యం కాంట్రాక్టర్లకు చేరిందని వార్త వెలువడింది. పేరు చూసి ఏ యాప్‌నూ నమ్మరాదు. నిర్ధారించుకోని సందేశాన్ని ముందుకు పంపకండి. మనం పుట్టించని పుకారుకైనా మనమే జవాబుదారులమవుతాం.

సంచార్ సాథీ ఆదేశం అయిదు రోజుల్లో వెనక్కు వెళ్లింది. మతం, పార్టీ తేడా లేకుండా జనం ఒక్క గొంతుతో అడిగారు గనుకనే వెళ్లింది. ఇది ముస్లిముల ఫోన్ల సమస్య అని మనమే గిరి గీసుకుంటే ఆ బలం పోతుంది. పక్కింటి హిందూ సోదరుడినీ, క్రైస్తవ సోదరినీ, కార్మిక సంఘాన్నీ, అమీర్‌పేట విద్యార్థులనూ కలుపుకొని తదుపరి ఆదేశం వచ్చేనాటికి సిద్ధంగా ఉందాం. అల్లాహ్ మనకు న్యాయం పక్షాన నిలిచే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.