చిన్న కోర్టు నుండి పెద్ద కోర్టునకు వ్యాజ్యము మార్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



పల్లెలలో ఒక నమ్మకము కలదు. వ్యాజ్యము చిన్న జడ్జి యెదుట నున్నంత కాలము ధర్మము కుంటుచు నడచుననియు, పెద్ద జడ్జి చేతికి పోయిన నాడే పరుగెత్తుననియు తలతురు. రెండు గజముల గట్టు తగవు తెచ్చుకొన్నవాడు సయితము "దీనిని జిల్లా జడ్జిగారి కడకు మార్పింపుడు" అని వకీలును వేధించును. ఈ కోరిక యెచ్చట మేలో, ఎచ్చట కీడో విచారింపదగినది.

శాసనము మొదటనే మరియొక దారి చూపినది. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 15వ సెక్షను ప్రకారము ప్రతి దావాయు దానిని విచారించు నధికారము గల కోర్టులలో అన్నిటికంటె క్రింది కోర్టునందే దాఖలు కావలయును. వెనుకటి జిల్లా మునసబు, నేటి జూనియర్ సివిల్ జడ్జి, ఈ విధముగ గ్రామస్థునికి మొదటి వాకిలి యైనాడు. అయినను 24వ సెక్షను ఒక కిటికీని తెరచి యుంచినది. జిల్లా కోర్టు గాని హైకోర్టు గాని కక్షిదారుని అర్జీపై ఎదుటివానికి నోటీసు ఇచ్చి, లేదా నోటీసు లేకయే తనంతట తాను, క్రింది కోర్టునందలి దావాను తీసికొని విచారింపవచ్చును. తగిన యధికారము గల వేరొక కోర్టునకు పంపనూవచ్చును.

మార్చినంత మాత్రమున క్రింది న్యాయాధిపతికి కళంకము రాదు. 2022 మే 20వ తేదీన సుప్రీంకోర్టు వారణాసిలోని జ్ఞానవాపి దావాను సీనియర్ డివిజన్ సివిల్ జడ్జి కడనుండి జిల్లా జడ్జికి మార్చెను. వ్యవహారము చిక్కైనది గనుక అనుభవము హెచ్చుగా గలవారు విచారించుట మేలనియే గాని, మొదటి జడ్జిపై ఆక్షేపణ లేదని స్పష్టపరచెను.

అయితే పైకి పోవుటవలన నష్టమును కలదు. ఏ. ఆర్. అంతూలే కేసు ఇందుకు తార్కాణము. 1982లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి పదవిని విడిచిన ఈయనపై అవినీతి ఆరోపణలు స్పెషల్ జడ్జి యెదుట నుండెను. 1984 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విచారణ త్వరగా తెమలవలయునను సదుద్దేశముతో, దానిని బొంబాయి హైకోర్టుకు మార్చెను. చూచువారికి ముద్దాయి గౌరవమే హెచ్చినట్లుండును! కాని 1952 నాటి శాసనము ఇట్టి నేరములను స్పెషల్ జడ్జియే విచారింపవలెనని విధించినది. ఆ జడ్జి తీర్పు చెప్పినచో హైకోర్టుకు అప్పీలు చేసికొను హక్కు కలదు. హైకోర్టే మొదటి తీర్పు చెప్పినచో నడుమ మెట్టు మాయమగును. వెనుకటి దినములలో కరణము వ్రాసిన లెక్కను జమాబందీలో పై యధికారి దిద్దెడివాడు. ఆ యధికారియే లెక్క వ్రాయుటకు కూర్చున్నచో దిద్దువా రెవరు?

1988 ఏప్రిల్ 29న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునందు అధికసంఖ్యాకులు వెనుకటి యుత్తరువు పొరపాటని నిర్ణయించిరి. న్యాయమూర్తి వెంకటాచలయ్యగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. తన పొరపాటును తానే దిద్దుకొనుట యుత్తమ న్యాయస్థాన లక్షణమే. అయినను నాలుగేండ్లు గడచిపోయినవి, హైకోర్టులో అంతవరకు జరిగిన విచారణ నిష్ఫలమైనది.

మన గ్రామస్థునకు ఇందులో పట్టుబడవలసిన సంగతి సాక్షులను గూర్చినది. 24వ సెక్షను క్రింద దావా చేరిన క్రొత్త కోర్టు, మార్చిన కోర్టు ప్రత్యేకముగ నాదేశించి యుండనిచో, విచారణను మొదటి నుండి యైనను జరుపవచ్చును, ఆగిన చోటి నుండి యైనను సాగింపవచ్చును. దస్తావేజుపై సాక్షి సంతకము చేసిన వృద్ధుడు చిన్న కోర్టులో ఒకమారు బోనెక్కి వాఙ్మూలమిచ్చి యుండును. రెండవమారు పట్టణమునకు పిలిచినపుడు ఆయన మంచము దిగలేకపోవచ్చును. కావున మార్పు కోరువాడును, దాని నెదిరించువాడును, ఇదివరకైన సాక్ష్యము నిలుచునట్లు ఆదేశింపుడని మార్పు అర్జీ విచారణ నాడే కోరుకొనవలయును.