పేరు ఎవరి పేర ఉంది?

(ఎల్బీనగర్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌లో సొంత పేరు గురించి మాట్లాడతానంటే ఇందాక ఒక పెద్దాయన అడిగిండు: "సారూ, ఇంటిజాగ పట్టాకే దిక్కు లేదు, మాకు ఇంటర్నెట్ల పేరెందుకు?" న్యాయమైన ప్రశ్న. నేను చెప్పబోయేది కూడా పట్టా ముచ్చటే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. డీఎస్సీ కోచింగ్ కోసం ఊరి బస్సెక్కి ఇదే ఎల్బీనగర్ చౌరస్తాలో దిగిన. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క గదిలో నలుగురం ఉన్నం. కంప్యూటర్ మొదటిసారి ముట్టుకున్నది కూడా అక్కడి గల్లీలోనే. అందుకే కొన్నేండ్ల కింద మా సంఘానికి వెబ్‌సైటు కావాలంటే మళ్లీ అక్కడికే పోయినం. కంప్యూటర్ పని చేసే ఒకాయన తయారు చేసిచ్చిండు. చందాలు వేసుకొని డబ్బులు కట్టినం. అట్రాసిటీ కేసుల కాగితాలు, స్కాలర్‌షిప్ జీవోలు, కరపత్రాలు అన్నీ అందులో పెట్టినం.

రెండేండ్లు నడిచింది. ఒకరోజు తెరిస్తే సైటు లేదు. ఆయన ఫోను ఎత్తడు. ఆరా తీస్తే తెలిసింది ఏందంటే, పేరు సంఘం పేర లేదు, ఆయన పేర ఉంది. గడువు తీరింది. నోటీసు ఆయన మెయిల్‌కు పోయింది. మాకు తెలిసేసరికి ఆ పేరును ఇంకెవరో తీసుకున్నరు. ఇప్పుడు ఆ పేరు కొడితే అప్పులిచ్చే యాప్ ప్రకటన వస్తది. మా పాత కరపత్రాల మీద మాత్రం ఇంకా అదే చిరునామా అచ్చయి ఉంది.

ఆయన ఒక్కణ్ణే తప్పు పట్టను. మేము అడగలేదు. పట్టా ఎవరి పేర ఉందో చూడకుండ దున్నుకున్నం. మన వాడల్లో ఇది కొత్తదా? అసైన్డ్ భూమి కాగితం మీద మనది, దున్నేది ఇంకొకడు. అట్ల చేతులు మారొద్దనే 1977లో చట్టం తెచ్చిండ్రు. ఇక్కడ కథ తిరగబడింది: దున్నింది మేము, కాగితం ఇంకొకరిది.

ఈ పేరు సంగతి ఏమిటో చెప్తాను. ఇంటర్నెట్‌లో ప్రతి కంప్యూటరుకు ఒక అంకె ఉంటుంది. అంకెలు మనిషికి గుర్తుండవు కాబట్టి 1983లో పేర్ల పద్ధతి తయారు చేశారు. దాన్నే డొమైన్ పేరు అంటారు. మన దేశానికి '.ఇన్' అనే తోక ఉంది. ఆ పేర్ల రికార్డు ఢిల్లీలోని నిక్సీ అనే సంస్థ చేతిలో ఉంటుంది. ఇది మన ఎమ్మార్వో ఆఫీసు లాంటిదనుకోండి. ఆ సంస్థ గుర్తించిన ఏజెన్సీల దగ్గర డబ్బు కట్టి పేరు రాయించుకోవాలి.

2005కు ముందు మామూలు మనిషికి ఈ తలుపు దాదాపు మూసే ఉండేది. రిజిస్టరైన కంపెనీలకు, సంస్థలకు, కాగితాలు చూపిస్తేనే పేరు. అందుకే 2004 దాకా దేశం మొత్తం మీద సుమారు 7,000 పేర్లే నమోదయ్యాయి. 2005లో నిబంధన మార్చి ఎవరైనా తీసుకోవచ్చన్నారు. ఇప్పుడు 40 లక్షలు దాటాయి. ఇది మన దేశపు గొడవే కాదు. నార్వేలో మామూలు మనుషులు తమ దేశపు తోక కింద నేరుగా పేరు తీసుకోడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. చైనా 2009లో వ్యక్తులకు ఇవ్వడం ఆపేసి, 2012లో మళ్లీ తెరిచింది. తలుపు తెరిచేదీ మూసేదీ పై నుంచే.

అయితే తెరిచిన తలుపు మనకోసం తెరిచినట్టేనా? మహద్ చెరువును అక్కడి మునిసిపాలిటీ 1924లోనే అందరికీ తెరిచింది, కాగితం మీద. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా ఆ నీళ్లు మనవి కాలేదు. ఇక్కడ నియమం 'ముందొచ్చినవారికి ముందు'. ముందొచ్చేది ఎవరు? ఇంట్లో కంప్యూటర్, ఇంగ్లీషు, బ్యాంకు కార్డు ఉన్నవాడు. మన ఊరి పేరు, మన వీరుల పేర్లు వాడు రాయించుకున్నంక మనం పోతే, కొనుక్కోమంటడు.

"సోషల్ మీడియాల పేజీ ఉంది గదా" అని పిల్లలు అంటరు. ఉండనీ. అది దొర వాకిట్లో మీటింగు పెట్టుకున్నట్టు. వాకిలి వాడిది, గొళ్లెం వాడిది. ఇదే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో సొంతంగా 'భాగ్యనగర్' పత్రిక పెట్టిండు. ఇంకొకరి పత్రికలో మూల దొరికిన జాగతో ఆయన సరిపెట్టుకోలేదు.

పట్టా అన్నాను గానీ, ఒక మాట సరిచేసుకోవాలి. ఇది శాశ్వత పట్టా కాదు, కౌలు. ఒక ఏడాది నుంచి పదేండ్ల దాకా రాయించుకోవచ్చు, మళ్లీ మళ్లీ కట్టాలి. గడువు తీరినంక కొన్నాళ్లు వెసులుబాటు ఇస్తరు, తర్వాత పేరు అంగట్లకు పోతది. కాబట్టి ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి, దరఖాస్తులో సొంతదారు గడిలో సంఘం పేరు రాయించండి. సొంత పని అయితే మీ పేరు. తయారు చేసేవాడి పేరు వద్దు.

రెండు, అందులో ఇచ్చే మెయిల్, ఫోను సంఘానివి కావాలి. పాస్‌వర్డు ఇద్దరు బాధ్యుల దగ్గర ఉండాలి. ఒకరు పోయినా, మారినా ఇంకొకరుంటరు.

మూడు, రసీదు అడిగి తీసుకోండి. గడువు తేదీని మినిట్స్ పుస్తకంలో రాయండి.

నాలుగు, నిజమైన వివరాలే ఇవ్వండి. తప్పుడు వివరాలుంటే పేరు రద్దు కావచ్చు. మీ సొంత పేరు మీద ఏదైనా కంపెనీ కేసు వేస్తే భయపడి వదలకండి. '.ఇన్' వివాదాల నియమాల్లో, ఆ పేరుతోనే నలుగురికీ తెలిసిన మనిషికి ఆ పేరు మీద న్యాయమైన ఆసక్తి ఉన్నట్టు చూపుకునే వీలుంది.

తెలుగు లిపిలోనే '.భారత్' తోకతో పేరు తీసుకునే వీలూ ఉంది. అమ్మకు చదవొచ్చిన అక్షరాల్లో చిరునామా! కొన్ని యాప్‌లు ఇంకా దాన్ని తీసుకోవు. అందుకని ఇంగ్లీషు అక్షరాల పేరు కూడా పక్కన ఉంచుకోండి.

పెద్దాయనా, మీ ప్రశ్నకు వస్తున్నా. ఇంటిజాగ కొట్లాట ఆపి ఇది చేయమని నేననను. ఆ కొట్లాట కాగితాలు, కోర్టు తీర్పులు, దెబ్బలు తిన్నోళ్ల వాంగ్మూలాలు రేపు మన మనుమలు ఎక్కడ వెతుక్కోవాలె? అప్పుల యాప్ ప్రకటన కిందనా?

ఇంటికి పోయినంక మీ సంఘం సైటు పేరు ఎవరి పేర ఉందో, గడువు ఎప్పుడో రేపే అడగండి. మేము ఆలస్యంగా అడిగినం.

జై భీమ్.