దాచుకుంటే ముదిరే జబ్బు

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దున్నే కయ్యల్లో నాట్లకు పోయి వచ్చినవాళ్లున్నారు. గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా చేపలు అమ్మి వచ్చినవాళ్లున్నారు. రొయ్యల కంపెనీలో పొద్దంతా నిలబడి వచ్చినవాళ్లున్నారు. కాళ్లు పీకుతున్నా వచ్చి కూర్చున్నారు. అందుకని మాట సూటిగా చెప్పుకుందాం.

ఈ రోజు మాట క్యాన్సర్ గురించి. ఆ పేరు వింటేనే భయం. "అమ్మో, ఆ మాట ఎత్తొద్దు" అంటారు. పేరు ఎత్తకపోతే జబ్బు రాకుండా ఉంటుందా? ఉండదు. ఎత్తకపోతేనే అది లోపల ముదురుతుంది.

ఒక అక్కను తలచుకోండి. పేరు ఏదైనా కావచ్చు. ఊరు మైపాడు కావచ్చు, ఇసకపల్లి కావచ్చు, సముద్రం ఒడ్డున ఇంకే పల్లె అయినా కావచ్చు. ఆ అక్కకు యాభై ఏళ్లు దాటాయి. ముట్లు ఆగిపోయి రెండేళ్లయింది. ఒకరోజు మళ్లీ కాస్త ఎరుపు కనబడింది. ఎవరికీ చెప్పలేదు. గుడ్డ ఉతికి, ఎవరి కంటా పడకుండా ఆరేసుకుంది.

"ఏందక్కా, అట్టా నీరసంగా ఉండావు?" అని పక్కింటి పిల్ల అడిగింది.

"ఏం లేదులేమ్మా, వేడి చేసింది" అంది అక్క. మజ్జిగ తాగి పడుకుంది.

నెల తర్వాత మళ్లీ కనబడింది. ఈసారి నడుము నొప్పి కూడా. డాక్టరుకు చూపించుకుందామా అనుకుంది. కానీ అప్పుడు వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు సముద్రంలోకి పోవు. ఇంట్లో డబ్బులు లేవు. "వేట మొదలైనాక చూద్దాం" అనుకుంది. వేట మొదలైంది. చిన్నపిల్ల పెళ్లి వచ్చింది. "పెళ్లి అయినాక చూద్దాం" అనుకుంది.

ఆ అక్క ఆసుపత్రికి పోయేసరికి ఏడాది దాటింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, తల పట్టుకొని, "ఏడాది ముందు రాలేదేమమ్మా?" అని అడిగింది. అక్క దగ్గర జవాబు లేదు. సిగ్గుపడ్డాను అని ఎట్టా చెబుతుంది?

ఇది కల్పించిన కథే. కానీ ఇట్లాంటి అక్క లేని ఊరు ఉందా? మీరే చెప్పండి.

క్యాన్సర్ అంటే ఏమిటి?

గోడ ఇటుకలతో కట్టినట్టు మన ఒళ్లంతా కణాలతో కట్టి ఉంటుంది. కణాలు కంటికి కనబడనంత చిన్నవి. పాతవి పోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. అంతా ఒక లెక్క ప్రకారం జరుగుతుంది. ఎక్కడో ఒకచోట కణాలు లెక్క తప్పుతాయి. అవసరం లేకున్నా పెరుగుతూ పోతాయి. అదే క్యాన్సర్.

వరి కయ్యలో కలుపు చూశారు కదా? మొలిచిన కొత్తలో రెండు వేళ్లతో పీకేయొచ్చు. వదిలేస్తే వేరు పాకుతుంది. పైరు తినాల్సిన బలం అది తినేస్తుంది. క్యాన్సర్ కూడా అంతే. మొదట్లో పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమైతే పక్క భాగాలకు పాకుతుంది. అప్పుడు డాక్టర్లకు కూడా కష్టమవుతుంది.

ఇది అంటుజబ్బు కాదు. క్యాన్సర్ ఉన్న మనిషి పక్కన కూర్చుంటే రాదు. ఆ మనిషి తాగిన గ్లాసుతో నీళ్లు తాగితే రాదు. పాపం చేస్తే వచ్చేది కాదు, శాపం పెడితే వచ్చేది కాదు. జబ్బు మనిషికి కంచం, చెంబు వేరు పెట్టొద్దు.

ఒక చెల్లెలు పోయింది, ఒక ఆసుపత్రి పుట్టింది

నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. ఇప్పుడు దాన్ని చెన్నై అంటున్నారు. గూడూరు, సూళ్లూరుపేట మీదుగా రైలు పోతుంది. పెద్ద జబ్బు వస్తే నెల్లూరు జిల్లా జనం ఆ రైలు ఎక్కడం ఎప్పటినుంచో ఉన్నదే. అక్కడ అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆ ఆసుపత్రి ఎట్లా పుట్టిందో వినండి.

ముత్తులక్ష్మీరెడ్డి అని ఒక డాక్టరమ్మ ఉండేది. 1886లో పుట్టింది. ఆడపిల్లలకు చదువెందుకు అన్న రోజుల్లో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివింది. 1912లో డాక్టరయింది. ఆమెకు ఒక చెల్లెలు. ఆ చెల్లెలికి పేగు చివర క్యాన్సర్ వచ్చింది. మొదట జిగట విరేచనాలు అనుకున్నారు. అసలు జబ్బు తెలిసేసరికి ఆలస్యమైంది. 1923లో చెల్లెలు చనిపోయింది.

అక్క డాక్టరే. అయినా చెల్లెలు దక్కలేదు. ఆ బాధ ముత్తులక్ష్మమ్మను వదల్లేదు. క్యాన్సర్‌కు ప్రత్యేకంగా ఆసుపత్రి కావాలని ఏళ్ల తరబడి తిరిగింది. "క్యాన్సర్ అంటే చావే కదా, దానికి ఆసుపత్రి ఎందుకు?" అన్నవాళ్లు ఉన్నారు. ఆమె వినలేదు. ఆడవాళ్ల సంఘంతో కలిసి చందాలు పోగు చేసింది. 1952లో నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1954లో ఆసుపత్రి మొదలైంది. అప్పుడు ఉన్నవి 12 మంచాలే.

మరుసటి ఏడాది శాంత అనే చిన్న వయసు డాక్టరమ్మ అక్కడ చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రి ఆవరణలోనే ఉండిపోయింది. 2021 జనవరిలో, 93 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆ ఆసుపత్రే ఆమె ఇల్లు. ఆమె సేవకు 2005లో మెగసెసే అవార్డు ఇచ్చారు. 1975లో ఆ ఆసుపత్రికి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా గుర్తింపు వచ్చింది.

ఆ కేంద్రం వాళ్లకు ఒక సంగతి అర్థమైంది. రోగులు వచ్చేదాకా ఆసుపత్రిలో కూర్చుంటే చాలదు. జబ్బు ముదిరాకే జనం వస్తున్నారు. జబ్బు ముదరక ముందే పల్లెలకు పోవాలి.

పల్లెలకు పోయిన నర్సమ్మలు

తమిళనాడులో దిండిగల్ జిల్లా ఉంది. అక్కడి పల్లెల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. అడయారు వాళ్లు కూడా అందులో పాలు పంచుకున్నారు. పరిశోధన అంటే ఏదో అద్దాల గదిలో జరిగేది అనుకోవద్దు. ఇది పల్లెటూరి ఆడవాళ్ల మధ్య జరిగింది. శిక్షణ పొందిన నర్సమ్మలు ఊళ్లకు పోయారు. 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లను పిలిచి గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేశారు.

ఆ పరీక్ష ఏమిటి? చాలా సులువైనది. మంచం మీద పడుకోబెడతారు. గర్భసంచి ముఖద్వారం కనబడేటట్టు ఒక చిన్న సాధనం పెడతారు. పలచటి వెనిగర్ నీళ్లు దూదితో అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. చెడ్డ కణాలు ఉంటే అక్కడ తెల్లటి మచ్చ కనబడుతుంది. అంతే. కోత లేదు, కుట్టు లేదు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు. తెల్ల మచ్చ కనబడగానే క్యాన్సర్ అని కాదు. ఇంకో పరీక్ష చేసి చూస్తారు. క్యాన్సర్ కాకముందే ఆ మచ్చను తీసేయొచ్చు.

2007లో ఫలితం బయటపెట్టారు. పరీక్షలు జరిగిన ఊళ్లలో ఈ క్యాన్సర్ వల్ల చావులు నూటికి 35 వంతులు తగ్గాయి. వెనిగర్ నీళ్లు, దూది, శిక్షణ పొందిన ఒక నర్సమ్మ, ధైర్యంగా ముందుకొచ్చిన ఆడవాళ్లు. వీటితోనే అంత పని జరిగింది.

ఎందుకు వస్తుంది?

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు ఒక వైరస్ కారణం. ఈ సంగతి కనిపెట్టిన జర్మనీ డాక్టరు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆడమగ కలయిక వల్ల ఆ వైరస్ సోకుతుంది. చాలామందికి సోకుతుంది, చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో పోకుండా నిలిచిపోతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి పది, పదిహేను, ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చిన ఆడమనిషి నడత గురించి ఎవరూ నోరు జారొద్దు. అది తప్పు, అన్యాయం.

ఇంకో సంగతి చూడండి. అన్నేళ్లు పడుతుంది అంటే, పట్టుకోవడానికి మనకు అన్నేళ్ల గడువు ఉన్నట్టే.

ఈ వైరస్‌కు టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల లోపల ఆడపిల్లలకు వేయిస్తే బాగా పని చేస్తుంది. మన దేశంలోనే తయారైన టీకా 2023లో వచ్చింది. మీ ఏఎన్ఎం అమ్మను అడగండి. టీకా వేయించుకున్న పిల్ల కూడా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

నోటి క్యాన్సర్‌కు ముఖ్యమైన కారణం పొగాకు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగేవాళ్లు. అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని తాగడం. 1971లో వచ్చిన ఒక పరిశోధనలో 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ తాగేవాళ్ల అంగిట్లో మచ్చలు, పుండ్లు, క్యాన్సర్ కూడా కనబడ్డాయి. "మేం చుట్ట తాగం కదా" అంటారేమో. ఆకువక్కలో పొగాకు నములుతున్నారా? గుట్కా వేస్తున్నారా? బుగ్గన పొగాకు పెట్టుకొని పనికి పోతున్నారా? పొగ రాకపోయినా అది పొగాకే.

ఈ గుర్తులు కనబడితే ఆగొద్దు

గర్భసంచి: ముట్టుకు ముట్టుకు మధ్య రక్తం కనబడడం. భర్తతో కలిసినాక రక్తం కనబడడం. ముట్లు ఆగిపోయాక మళ్లీ కనబడడం. చెడు వాసనతో తెల్లబట్ట.

రొమ్ము: గడ్డ తగలడం. చర్మం సొట్టపడడం. చనుమొన లోపలికి పోవడం. చనుమొన నుంచి రక్తం కారడం. గడ్డ నొప్పి పుట్టడం లేదు కాబట్టి ఏం కాదు అనుకోవద్దు. చాలాసార్లు క్యాన్సర్ గడ్డకు మొదట్లో నొప్పి ఉండదు.

నోరు: మూడు వారాలైనా మానని పుండు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ. నోరు సరిగా తెరుచుకోకపోవడం.

ఈ గుర్తులు కనబడిన అందరికీ క్యాన్సర్ ఉండదు. చాలామందికి వేరే చిన్న జబ్బే ఉంటుంది. కానీ అది తేల్చాల్సింది డాక్టరు. పక్కింటి అత్త కాదు, నాటు మందు ఇచ్చేవాడు కాదు.

ఏ గుర్తూ లేకపోయినా 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లు నోరు, రొమ్ము, గర్భసంచి పరీక్ష చేయించుకోవాలి. ఇది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ముందు ఊళ్లో ఆశా అమ్మను, ఏఎన్ఎం అమ్మను అడగండి. అవసరమైతే వాళ్లు పై ఆసుపత్రికి పంపుతారు. నెల్లూరులోనే రెడ్‌క్రాస్ వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో 2022లో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు.

డబ్బు మాట? 2007లో ఆరోగ్యశ్రీ అనే పథకం వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేదవాళ్ల క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు వెంట తీసుకుపోండి. ఆసుపత్రిలో ఆ పథకం బల్ల దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి. రాసి ఇచ్చిన చీటీ చదవండి. చదువు నేర్చింది ఇందుకు కూడా.

దూబగుంట అక్కలు చూపించిన దారి

చివరగా ఒక మాట. కలిగిరి దగ్గర దూబగుంట అందరికీ తెలుసు. ఒకప్పుడు మొగుడు తాగి వచ్చి కొడితే ఆడది బయట చెప్పుకునేది కాదు. "ఇంటి గుట్టు" అనేది. వాచిన చెంపను కొంగుతో కప్పుకునేది. అక్షర దీపం రాత్రి బడుల్లో ఆడవాళ్లు ఒకచోట కూర్చున్నారు. సారా గురించి పాఠం చదివారు. చదివి, "ఇది నా ఇంటి కథే" అని ఒకరు అన్నారు. "నా ఇంట్లోనూ ఇంతే" అని ఇంకొకరు అన్నారు. గుట్టు కాస్తా అందరి మాట అయింది. 1992లో ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ లాంటి అక్కలు ముందు నిలిచారు. ఆ మాట ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

సారాను ఓడించింది కర్ర కాదు. దాచుకున్న మాటను పదిమందిలో చెప్పడమే దాన్ని ఓడించింది.

క్యాన్సర్ విషయంలోనూ ఆ మాటే కావాలి. మొదట కథలో పక్కింటి పిల్ల "ఏందక్కా, అట్టా ఉండావు?" అని అడిగింది కదా. ఆ అక్క ఆ రోజే నిజం చెప్పి ఉంటే? ఆ పిల్ల చెయ్యి పట్టుకొని, "పద అక్కా, రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోదాం. నేను వస్తా" అని ఉంటే? కథ వేరే దారిన పోయేది. చిన్నపిల్ల పెళ్లిలో అక్క నవ్వుతూ తిరిగేది.

ఈ రాత్రి ఇంటికి పోయి మీ అమ్మను అడగండి, అత్తను అడగండి, అక్కను అడగండి. "ఏం లేదులే" అంటే వదిలిపెట్టొద్దు. ఇంకోసారి అడగండి.

చర్చించుకుందాం

1. కథలో అక్క ఎందుకు ఎవరికీ చెప్పలేదు? మీరైతే ఎవరికి చెబుతారు?
2. క్యాన్సర్‌ను కలుపుతో ఎందుకు పోల్చారు?
3. దిండిగల్ పల్లెల్లో నర్సమ్మలు ఏం చేశారు? ఏం జరిగింది?
4. మీ సంఘంలో 30 ఏళ్లు దాటినవాళ్లు ఎంతమంది? అందరూ కలిసి పరీక్షకు ఏ రోజు పోతారు? ఆ తేదీ పలక మీద రాయండి.