హద్దురాయి

 

పండుగనాడు గోడల తగాదా ఏమిటని కొందరు నవ్వవచ్చును. కాని ఈ సభలో చాలమందిమి ఊరు విడిచి వచ్చి, హోసూరులోనో కృష్ణగిరిలోనో అప్పు చేసి 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు జాగా కొన్నవారమే. అందులో అడుగున్నర పక్కవారి గోడ క్రిందికి పోతే 60 చదరపుటడుగులు, అనగా ఇరవయ్యవ వంతు పోయినట్లే. మాకు అదే జరిగినది.

హోసూరులో మా జాగాకు తూర్పున ప్రహరీ మాత్రము వేసి, ఇల్లు కట్టక ఉంచితిమి. ఒక ఆదివారము వెళ్లి చూతుము గదా, పడమటి పొరుగాయన పునాదికి రాళ్లు పేర్పిస్తున్నాడు. కంటికే తేడాగా తోచినది. మేస్త్రీని అడిగితే, "అవతలి ఇంటి గోడ నుంచి టేపు పెట్టినాము సార్" అన్నాడు. అసలు దోషము అక్కడే ఉన్నది. మొదటి ఇంటిని రాయి నుండి కొలుస్తారు. రెండవదానిని మొదటి ఇంటి గోడ నుండి. మూడవదానిని ఆ రెండవ గోడ నుండి. గోడల మందము ఎవరి లెక్కలోను పడదు. నాలుగైదు ఇండ్లు దాటేసరికి వరుస అంతా ఒక ప్రక్కకు జరుగుతుంది. ఇందులో దొంగబుద్ధి కంటె సోమరితనమే ఎక్కువ.

మాకు కోపము వచ్చిన మాట నిజము. ఇంట్లో ఆమె మాత్రము, "స్లాబు పడేదాకా ఊరుకొని తరువాత అరిస్తే ఎవరు పడగొడతారు? ఇప్పుడే పోయి మర్యాదగా చెప్పండి" అన్నది. పోయి చెప్పితిమి. ఆయన దస్తావేజు, మా దస్తావేజు ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే, రెండింటను కొలతలు సరిగానే ఉన్నవి. ఇక నేలను కొలవవలసినదే.

ఈ సీమకు కొలత కొత్త గాదు. 1792లో బారామహలు టిప్పు సుల్తాను నుండి కుంఫిణీ చేతికి వచ్చినప్పుడు, రీడు దొర, ఆయన క్రింద మన్రో దొర పొలము పొలము కొలిపించి శిస్తు నిర్ణయించిరి. కృష్ణగిరి ప్రాంతమున నేర్చిన ఆ పనితోనే మన్రో 1800లో దత్తమండలాలకు వచ్చినాడు. కడప, అనంతపురము వారికి ఆయన పేరు చెప్పనక్కరలేదు.

పాత కాగితాలలో జిల్లా పేరు వేరుగా ఉన్నదని కంగారుపడవద్దు. 1965 దాకా సేలము, తరువాత ధర్మపురి, 2004 నుండి కృష్ణగిరి. చూడవలసినది సర్వే నెంబరు, దాని పటము. 1923 నాటి సర్వే, హద్దుల చట్టము నేటికిని అమలులో ఉన్నది. తాలూకా కచేరీలో అర్జీ పెట్టి రుసుము కడితే సర్వేయరు వచ్చి కొలుస్తాడు.

పొరుగాయన ఒప్పుకోకుంటే? కోర్టుకు పోయి పని ఆపుటకు తాత్కాలిక ఉత్తరువు కోరవచ్చును. కొలుచుటకు కోర్టు కమిషనరును వేయవచ్చును. కట్టినది తీయించే అధికారము కూడ 1963 నాటి చట్టమున ఉన్నది. కాని కళ్ల ఎదుట కడుతుంటే ఊరకుండిన వానికి కోర్టు గోడకు బదులు డబ్బు ఇప్పించి పంపవచ్చును. పన్నెండేండ్లు బాహాటముగా, మన హక్కును కాదని, ఎడతెగక అనుభవిస్తే జాగాయే వారిదగును. అట్టివారు తామే దావా వేయవచ్చునని సుప్రీముకోర్టు 2019లో చెప్పినది. బదిలీల మీద తిరిగే మాబోటి రైల్వేవారు ఏడాదికొక్కసారైనా తమ జాగా చూచుకొనుట మంచిది.

సర్వేయరు వచ్చినాడు. ఇసుక కుప్ప క్రింద రాయి దొరికినది. అడుగున్నర మాదేనని తేలినది. పొరుగాయన మాట తప్పలేదు. వరుస రాళ్లు తీయించినాడు. కూలిలో సగము మేమిస్తిమి. ఇవ్వనక్కరలేదని మా బావగారు ఇప్పటికీ దెప్పుతుంటారు.

అంతటితో పోలేదు. సర్వేయరు గొలుసును తూర్పుకు సాగదీసినాడు. మా ప్రహరీయే అవ్వగారి జాగాలో ఆరంగుళాలు ఉన్నది! మా మేస్త్రీ కూడ రాయి వెదకలేదు, మేము అడగనూ లేదు. పొరుగాయన మా వైపు చూచి ఏమీ అనలేదు. అనియుంటే కొంత నయముగా ఉండెడిది.

సాయంత్రము అవ్వగారి ఇంటికి వెళ్లి చెప్పితిమి. ఆమె హోసూరు తెలుగులో, "గోడ అట్లే ఉండనీ నాయనా. ఆ ఆరంగుళాలు నాదేనని ఒక కాయితం రాసియ్యి, సాలు" అన్నది. రాసి, సంతకము చేసి ఇచ్చితిమి. మా ఇంటి పని మొదలైన దినమున ముందుగా ఆ గోడనే తీయింతుము.