పగటి వేళ ఒక ఆసరా
(దేవస్థానం అన్నదాన సత్రంలో జరిగిన దాతల, సేవకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అన్నదానం గురించీ గోసేవ గురించీ మాట్లాడుకునే వేదికపై వ్యాధిని గురించి మాట్లాడే అవకాశం కల్పించిన ట్రస్టు వారికి కృతజ్ఞురాలను. నేను ఉపశమన చికిత్సా విభాగంలో నర్సును. దీనినే పాలియేటివ్ కేర్ అంటున్నారు. పూర్తిగా నయం కాదని తేలిన వ్యాధితో జీవిస్తున్నవారికి నొప్పిని, ఆయాసాన్ని, వాంతులను, దిగులును తగ్గించి, ఉన్నన్నాళ్లూ మనిషిని మనిషిగా ఉండనివ్వడం మా పని.

హాస్పిస్ అనగానే చివరి రోజులకు చేర్చే చోటు అని మనవారు అనుకుంటారు. కన్నతల్లిని బయట వదిలేశారని ఊరు అంటుందేమోనని జంకుతారు. ఆ జంకును నేను తప్పు పట్టను. మన ఇళ్లలో చాలామంది తమ గదిలో, తమ మంచం మీదే ఉండాలని కోరుకుంటారు. పగటి హాస్పిస్ ఆ కోరికకు అడ్డు రాదు. రోగి ఇంట్లోనే ఉంటాడు. వారానికి ఒక రోజు ఉదయం వస్తాడు, సాయంత్రానికి ఇంటికి చేరుతాడు.

ఇది కొత్త ఆలోచన కాదు. సిసిలీ సాండర్స్ అనే మహిళ నర్సుగా, సాంఘిక సేవకురాలిగా పనిచేసి, ఆ తరువాత వైద్యవిద్య చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించారు. శరీరపు నొప్పితోపాటు మనసు నొప్పి, ఇంటి చింత, దైవచింతన కూడా కలిస్తేనే రోగి బాధ పూర్తిగా అర్థమవుతుందని ఆమె బోధించారు. ఇంట్లో ఉండే రోగుల కోసం ప్రత్యేకంగా కట్టిన పగటి హాస్పిస్ 1975లో షెఫీల్డ్ నగరంలో మొదలైంది. మన దేశంలో ముంబయిలోని శాంతి అవేదన సదన్ 1986 నుండి సేవ చేస్తోంది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో మొదలైన చిన్న క్లినిక్ కేరళ అంతటా ఒక ఉద్యమానికి బీజమైంది. అక్కడ ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్లకు వెళతారు. మనం నేర్చుకోవలసింది ముఖ్యంగా వారి దగ్గరనే.

ఆ ఒక్క రోజులో ఏం జరుగుతుందని అడుగుతారు. చూసేవారికి పెద్దగా ఏమీ జరిగినట్లు కనిపించదు. నొప్పి ఎంత ఉంది, మలవిసర్జన అయిందా, నోటిలో పూత వచ్చిందా, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతాము. పుండుకు కట్టు మారుస్తాము. గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడిచి, తలకు నూనె రాసి దువ్వుతాము. తరువాత భోజనం. పులిహోర మన ప్రసాదమే అయినా, నోటి పూత ఉన్నవారికి ఆ పులుపు, కారం నిప్పులాంటివి. మిరియం, మిరపకాయ లేని మెత్తని దద్దోజనం, పలచని పాయసం సరిపడతాయి. మధ్యాహ్నం కొందరు పేకాడతారు. డబ్బు పెట్టి కాదు లెండి! కొందరు భజన వింటూ కునుకు తీస్తారు. ప్రయాణానికి ఓపిక లేనివారిని మాత్రం తీసుకురాము. వారి దగ్గరకు మేమే వెళతాము.

మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఆడవారిలో ఎంతోకాలంగా ఉంది. అడ్డపొగ అంటారు. ఆ వేడి తగిలేది అంగిలికి. అక్కడ క్యాన్సరు మొదలై, పుండు బుగ్గ బయటికి తెరుచుకున్న ఒక పెద్దమ్మను నేను చూసుకున్నాను. చేపలు అమ్మి నలుగురు బిడ్డలను పెంచిన మనిషి. "నా నోరు వాసనొస్తాదమ్మా, నలుగురిలోకి ఎలగొస్తాను?" అంది. నొప్పి కన్నా ఆ వాసనే ఆమెను గదిలో బంధించింది. మనవలు గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. అటువంటి పుండ్ల వాసనకు మందు ఉంది. వైద్యుని సలహాపై మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా పొడి చేసి పుండులో చల్లి కట్టు కడతాము. ఖరీదైనది కాదు, అందరికీ అందేదే. కొద్ది రోజుల్లో వాసన బాగా తగ్గింది. తరువాతి వారం ఆమె పగటి కేంద్రానికి వచ్చి, పక్క మంచం మీది ఆవిడతో చేపల ధరల గురించి పోట్లాడింది. ఆ పోట్లాట విని నాకు కలిగిన సంతోషాన్ని నేను ఏ నివేదికలోనూ రాయలేను.

ఆ రోజు ఆమెతో వచ్చిన కోడలు పక్క గదిలో చాప మీద మూడు గంటలు కదలకుండా నిద్రపోయింది. నెలల తరబడి రాత్రిళ్లు మేలుకున్న పిల్ల. లేచి, కంగారుగా "అత్తమ్మ అడిగిందా?" అన్నది. అడగలేదు. పగటి సంరక్షణలో సగం వైద్యం ఇటువంటివారికే.

నొప్పి మందు గురించి ఒక మాట. మార్ఫిన్ పేరు వినగానే మత్తు అలవాటవుతుందని, ప్రాణం తీస్తుందని కుటుంబాలు భయపడతాయి. వైద్యులు రోగికి తగిన మోతాదు నిర్ణయించి, నోటి ద్వారా వేళ తప్పక ఇస్తే అది నొప్పిని అదుపు చేస్తుంది. మలబద్ధకం మాత్రం చేస్తుంది గనుక దానికి మందు కూడా ఇస్తాము. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆసుపత్రులకు ఈ మందు దొరకడమే గగనమైంది. 2014లో సవరణ చేసి అనుమతులను సులభతరం చేశారు. చట్టం సడలినంత వేగంగా మన భయం సడలలేదు.

ఇప్పుడు నేను వచ్చిన పనికి వస్తాను. ఈ సత్రం గురువారం పగలు ఖాళీగా ఉంటుందని విన్నాను. వంటశాల ఉంది, మెట్లు లేని హాలు ఉంది, వెనుక నీటి వసతి గల గదులు ఉన్నాయి. వారానికి ఆ ఒక్క పగలు మాకు ఇవ్వవలసిందిగా ట్రస్టు వారిని అర్థించాను. పెద్దల్లో కొందరికి సందేహం కలిగింది: మరణానికి దగ్గరైనవారిని దేవుని సత్రంలోకి తేవచ్చునా, మైల కాదా అని. ఆ సందేహాన్ని నేను అవమానంగా భావించలేదు. ఆగమం తెలిసిన అర్చకస్వామి వారినే అడిగాను. "బ్రతికి ఉన్నవారికి మైలేమిటమ్మా? స్వామి దర్శనానికి రాలేనివారు కనీసం గంట చప్పుడు వింటారు" అన్నారు. నిర్ణయం ట్రస్టు వారిది. వచ్చే సమావేశంలో తీసుకుంటారు.

దాతలలో కొందరు కొత్త భవనం కట్టిస్తామన్నారు. శిలాఫలకం గురించి కూడా అడిగారు. వారి ఔదార్యానికి నమస్కరిస్తూనే చెబుతున్నాను, మాకు గోడలు అక్కరలేదు. వ్యానుకు డీజిల్ కావాలి, ఒక నర్సుకు ప్రతినెలా జీతం కావాలి. దూది, గాజుగుడ్డ, పాత మెత్తని నూలు చీరలు కావాలి. వీటి మీద పేర్లు చెక్కలేము. అయినా ఇచ్చేవారు ముందుకు వస్తారని నా నమ్మకం.

సేవకులుగా రాదలచినవారికి వైద్యం తెలియనవసరం లేదు. కొద్ది రోజుల శిక్షణ మేమే ఇస్తాము. రోగి మాట్లాడుతుంటే మధ్యలో ధైర్యం చెప్పకుండా వినగలగాలి. "ఏం ఫరవాలేదు, తగ్గిపోతుంది" అనే మాట నాలుక చివరి దాకా వచ్చినా ఆపుకోవాలి, ఎందుకంటే తగ్గదని ఎక్కువమందికి తెలుసు. తల దువ్వడం వచ్చిన స్త్రీలు ఇద్దరు, రోగిని వ్యానులోంచి చక్రాల కుర్చీలోకి ఎత్తగల యువకులు ఇద్దరు వెంటనే అవసరం. సభ ముగిసిన తరువాత ప్రసాద వితరణ బల్ల పక్కనే నేను కూర్చుని ఉంటాను. మీ పేరు, మీకు వీలయ్యే గురువారాలు చెప్పి వెళ్లండి.