తలుపు తట్టి రావాలె!

(కిరాయి ఇళ్లల్లో ఉంటున్న దళితుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. టు లెట్ బోర్డు చూసి పోతే ముందు ఇంటిపేరు, తర్వాత ఊరు, చివరికి "మీరేమోళ్లు?" ఇవాళ నేను మాట్లాడేది ఇల్లు దొరికినంక సంగతి.

అడ్వాన్సు ఇచ్చినం, నెలనెలా కిరాయి కడుతున్నం. అయినా ఓనరు తట్టకుండానే తలుపు తోస్తడు. ఓనరమ్మ సరాసరి వంటింట్లోకొచ్చి గిన్నె మీద మూత తీస్తది. పెద్దకూర ఉందేమో చూడాలె! అడిగితే నల్లా చూడనీకి వచ్చిన అంటది. నల్లా గిన్నెలో ఉంటదా?

బాబాసాహెబ్ అంతటి చదువరికే 1917లో బరోడాలో ఈ గతి పట్టింది. పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని దిగితే, పదకొండో రోజు కర్రలు పట్టుకొని డజనుమంది గది ముందుకొచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు.

చట్టం ఏమంటున్నది? అక్రమ ప్రవేశమంటే ఇతరుల స్వాధీనంలో ఉన్న చోటికి అవమానించడానికో, బెదిరించడానికో రావడం. పాత ఐపీసీలో 441, 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 329. అక్కడ రాసింది "స్వాధీనం" అని. పట్టా ఓనరుదే కావచ్చు, కిరాయికున్నన్నాళ్లు స్వాధీనం మనది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టమైతే ఇంకా స్పష్టం: ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు నోటీసియ్యాలె, కారణం, తేదీ, టైము చెప్పాలె. పొద్దు పొడవకముందు, పొద్దుగూకినంక రావొద్దు. అగ్గి, వరద లాంటి ఆపదలకే మినహాయింపు. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంలో రాసుకుంటేనే అమలు.

మరి వంటింట్లో నిలబడి కులం పేరుతో తిడితే? అట్రాసిటీ చట్టం కింద ఆ తిట్టు నలుగురి ఎదుట పడాలె. బయటోళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య తిడితే ఆ సెక్షను వర్తించదని 2020లో ఉత్తరాఖండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చూసిండ్రా తమాషా! ఓనరును ఆపలేని గోడలు కేసు నుంచి మాత్రం ఓనరును కాపాడుతున్నయి.

అందుకని అగ్రిమెంటులో ఒక్క లైను రాయించుకోండి, ముందు చెప్పకుండా రావొద్దని. కాగితమే లేదంటరా, వచ్చిపోయిన రోజే తేదీ, టైము వేసి ఓనరుకు ఫోన్లో మెసేజి పెట్టండి. తర్వాత అదే సాక్ష్యం. ఒక్కరే అడిగితే మర్నాడే ఖాళీ చెయ్యమంటరు. పక్క పోర్షనోళ్లను పిలవండి, మమ్మల్నీ పిలవండి. వాకిట్లో నలుగురం నిలబడి అడుగుదాం.